స్విచ్ కొనేముందు ఒక్క మాట

ఆగు నాయనా, కాస్త ఆగు. ఆ ఫోన్ పక్కన పెట్టు. ఆ స్విచ్ ఇవాళే ఆర్డర్ పెట్టకపోతే కొంపేం మునిగిపోదు. హెడ్‌లైట్లు ఒకసారి వెలుగుతున్నాయి, ఒకసారి ఆరిపోతున్నాయి అన్నావు. ఎవరో స్విచ్ పోయి ఉంటుందన్నారు. నువ్వు అప్పుడే కొనేదాకా వెళ్లిపోయావు. స్విచ్చే పోయి ఉండొచ్చు, కాదనడం లేదు. కానీ పోయింది స్విచ్చేనని నీకు చెప్పిందెవరు? బండి చెప్పిందా, పక్కింటాయన చెప్పాడా?

మీ తొందర నాకు తెలియంది కాదు. అదేం చెడ్డ తొందర కూడా కాదు. ఉన్నది ఒక్క ఆదివారం, అందులోనే బండి పని, ఇంటి పని, సాయంత్రానికి అత్తగారి ఊరి ప్రయాణం. ఏదో ఒకటి మార్చేసి చేతులు దులుపుకుంటే చాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్లని క్షేమంగా తీసుకెళ్లాలనే నీ తాపత్రయం. కానీ సామాను మార్చడం ఎవరైనా చేస్తారు నాయనా. ఎందుకు పోయిందో కనుక్కోవడమే అసలు పని. అది వదిలేసి స్విచ్ మారిస్తే చేతి చమురు వదులుతుంది, లైటు మాత్రం మళ్లీ మొదటికొస్తుంది.

ముందుగా ఒక మాట చెప్తాను, నవ్వకు. కాడ తిప్పింది రెండో మెట్టుదాకానేనా, లేక మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిందా? మొదటి మెట్టు పార్కింగ్ లైట్లకి, రెండోది హెడ్‌లైట్లకి. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త బైకులకి ఇంజన్ స్టార్టయితే చాలు, లైటు దానంతటదే వెలగాలని నిబంధన పెట్టారు. ఆ బైకుల మీద తిరిగి తిరిగి, లైటుకి ఒక స్విచ్ ఉంటుందన్న ధ్యాసే మీకు పోయింది. కారెక్కాక లోపల మీటర్లు జిగేలుమంటుంటే బయట కూడా వెలుగుతోందనుకుంటారు. ఊరి దీపాల వెలుగులో తెలియదు. ఊరు దాటాక తెలుస్తుంది. అందుకే చెబుతున్నాను, ఏ పనికైనా ముందు కళ్లతో చూడు. బండి దిగి, ముందుకెళ్లి నిలబడి చూడు. కూర్చున్న చోటి నుంచి తీర్పులు చెప్పకు.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర తిరిగే బొలెరోలైనా, స్కార్పియోలైనా లైటు స్విచ్ అంటే స్టీరింగ్ పక్కనుండే కాడే. మెకానిక్కులు కాంబినేషన్ స్విచ్ అంటారు. కొన్ని విదేశీ బండ్లకి డాష్‌బోర్డు మీద గుండ్రటి మీటలా ఉంటుంది. రూపం ఏదైనా లోపల జరిగేది ఒకటే. రాగి రేకులు, వాటిని అదిమి పట్టే చిన్న స్ప్రింగులు, రాపిడి తగ్గడానికి కాస్త గ్రీజు. తిప్పినప్పుడు రేకూ రేకూ కలుస్తాయి, కరెంటు దాటుతుంది. అంతకు మించిన మాయేమీ లేదు. ఎంత కరెంటు దాటుతోంది అన్నదే అన్నిటికీ మూలం.

పాతకాలపు వైరింగులో లైటుకి వెళ్లే కరెంటంతా ఆ చిన్న రేకుల మీదుగానే పోయేది. తర్వాత రిలేలు వచ్చాయి. స్విచ్ రిలేకి సైగ చేస్తుంది, బరువు రిలే మోస్తుంది. ఇప్పుడొచ్చే బండ్లలో స్విచ్ ఒక కంప్యూటరు పెట్టెకి కబురు మాత్రం పంపుతుంది, లైటు వెలిగించాలా వద్దా అన్నది ఆ పెట్టె చూసుకుంటుంది. దాన్ని బీసీఎం అంటారు. నీ బండి ఈ మూడో రకమైతే, అందులోనూ వారంటీలో ఉంటే, నా మాట విని చెయ్యి పెట్టకు. స్కానర్ ఉన్నవాడి దగ్గరికి తీసుకెళ్లు. బల్బున్న పాత టెస్ట్ ల్యాంపు తెచ్చి ఆ సన్నటి వైర్లకి ఆనించావంటే పెట్టెకే ఎసరు రావొచ్చు. ఆ ఖర్చు స్విచ్ ఖర్చుతో పోయేది కాదు. నీది ఏ రకమో తెలియకపోతే వైరింగ్ బొమ్మ సంపాదించు, లేదా తెలిసినవాణ్ని అడుగు. అడగడం నామోషీ కాదు.

మొదటి రెండు రకాలైతే నువ్వు కనిపెట్టగలిగింది చాలానే ఉంది. అందుకు పెద్దగా డబ్బు ఖర్చు కూడా అక్కర్లేదు. బండిని నాలుగు ప్రశ్నలు అడగాలంతే.

ఒక వైపే పోయిందా, రెండు వైపులా పోయిందా? ఒక వైపే అయితే స్విచ్ జోలికి వెళ్లకు. ఆ వైపు బల్బు, ఆ వైపు ఫ్యూజు, ఆ వైపు ఎర్త్ చూడు. స్విచ్ రెండిటికీ ఉమ్మడి. అది పోతే రెండూ పోతాయి. రెండు డిమ్ములూ ఒకేసారి పోయాయంటావా? నిజంగా ఒకేసారే పోయాయా? చాలా ఇళ్లలో జరిగేది నేను చెప్తా విను. ఒక డిమ్ము ఎప్పుడో పోయి ఉంటుంది, ఒంటి కంటి మీద నడుపుతూనే ఉంటారు, ఎవరూ పట్టించుకోరు. ఇవాళ రెండోది పోతుంది. అప్పుడు రెండూ ఒకేసారి పోయాయి, స్విచ్చే పోయింది అని గోల. బల్బు విప్పి లోపలి తీగ తెగిందేమో చూస్తే ఆ సంగతి అక్కడికక్కడే తేలిపోయేది. గాజు మాత్రం వేళ్లతో పట్టుకోకు, హాలోజన్ బల్బుకి వేలి జిడ్డు అంటితే అక్కడే వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది.

రెండో ప్రశ్న. కాడను నీ వైపు లాగితే ఎదుటివాడికి సైగగా లైటు ఒక్కసారి మెరుస్తుంది చూడు, డిప్పర్ కొట్టడం అంటామే, అది పనిచేస్తోందా? చాలా బండ్లలో ఆ మెరుపుకి దారి వేరే ఉంటుంది. లైట్లు ఆఫ్‌లో ఉన్నా అది మెరుస్తుంది. మెరిసిందంటే హైబీమ్ తీగ బాగుంది, దాని వైరు బాగుంది, ఎర్త్ కూడా బాగున్నట్టే. అంత బాగుండి కూడా, కాడ తిప్పి హైబీమ్ వేస్తే వెలగకపోతే అప్పుడు స్విచ్‌ని అనుమానించడానికి నీకు గట్టి ఆధారం దొరికినట్టు. చూశావా, ఒక్క స్క్రూ విప్పలేదు, సగం విచారణ అయిపోయింది.

మూడోది చెవితో చెయ్యాల్సింది. ఇంజన్ ఆపు, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి ఉంచు, పక్కన ఎవరినైనా కాడ తిప్పమను, నువ్వు ఫ్యూజు బాక్సు దగ్గర చెవి పెట్టు. రిలే టక్కుమంటోందా? అన్నదంటే స్విచ్ తన పని తాను చేసింది, తప్పు ఆవలి వైపుంది. అనలేదంటే ఈవలి వైపు చూడాలి, లేదా రిలేలోనే కాయిల్ పోయి ఉండాలి. పక్కనే హారన్‌కి అదే నంబరు రిలే ఉంటే, అది తీసి ఇందులో పెట్టి చూడు. నంబరు కలవకపోతే పెట్టకు. కాళ్లు దూరాయి కదా అని తోసెయ్యడం వద్దు. చాలా రిలేల అడుగున 30, 87, 85, 86 అని అచ్చేసి ఉంటుంది. 30 లోపలికి వచ్చే బరువు కరెంటు, 87 లైటుకి వెళ్లేది, తక్కిన రెండూ కాయిల్‌వి. ఈ నాలుగు అంకెలు గుర్తుపెట్టుకుంటే రిలే నీకు జీవితాంతం అర్థమవుతుంది.

ఫ్యూజు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. పోయిన రంగే మళ్లీ వెయ్యి. మళ్లీ పోయిందంటే వైరు ఎక్కడో తగులుతోందని అర్థం, ఫ్యూజు పెంచమని కాదు. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టే ఘనులు ఇంకా ఉన్నారు. వాళ్ల మాట వినకు, వాళ్ల బండి ఎక్కకు.

ఇక నాలుగోది. ఇక్కడే నీలాంటి చదువుకున్న పిల్లలు బోల్తా పడతారు. మల్టీమీటరు కొంటారు, బల్బు వెనకుండే కప్లర్ ఊడదీసి మీటరు కొన ఆనిస్తారు, 12.6 వోల్టులు చూపిస్తుంది. కరెంటు వస్తోంది కాబట్టి స్విచ్ బాగుందని తేల్చేస్తారు. నాయనా, అరుగు మీద కూర్చున్నప్పుడు ప్రతివాడూ బలవంతుడిలాగే కనిపిస్తాడు. వడ్ల బస్తా ఎత్తమంటే తెలుస్తుంది వాడి నడుము సంగతి. కరెంటూ అంతే. కప్లర్ ఊడదీసి చూస్తే, మాడిపోయిన రేకు మీద నుంచి కూడా పన్నెండు వోల్టులు నిక్షేపంగా వస్తాయి, మీటరు తీసుకునేది ఏమీ లేదు కనుక. బల్బు తగిలించి, లైటు వేసి, బరువు మీద చూడాలి. అప్పుడు చెప్పు ఎంతుందో.

చూసే పద్ధతి ఇది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర పదమూడున్నర, పద్నాలుగు వోల్టుల దాకా ఉంటుంది. లైటు వెలుగుతుండగానే, కప్లర్ వెనక నుంచి సన్నటి కొన దూర్చి బల్బు దగ్గర ఎంతుందో చూడు. ఓ అర వోల్టు అటూ ఇటూ తగ్గితే ఫరవాలేదు. అక్కడ పదకొండున్నరే కనిపిస్తే దారిలో రెండు వోల్టులకు పైగా ఎవరో తినేస్తున్నారన్నమాట. ఆ తినేవాణ్ని పట్టుకోవాలి. స్విచ్‌లోకి వచ్చే వైరు మీద ఒక కొన, బయటికెళ్లే వైరు మీద రెండో కొన పెట్టు. బాగున్న స్విచ్ అయితే మీటరు సున్నా దగ్గరే తచ్చాడుతుంది. అర వోల్టు దాటిందంటే అనుమానించు. ఒక వోల్టు దాటిందంటే ఇక అనుమానమేం లేదు, లోపల మాడింది. అక్కడేమీ పడకపోతే బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగటివ్ దాకా చూడు. ఎన్ని బండ్లలో ఆ బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంటుందో! నీ స్విచ్ ఏ పాపం ఎరగదు, తుప్పు గోకి బిగిస్తే లైటు తెల్లగా వస్తుంది.

ఎందుకింత పట్టుబడుతున్నానంటావా? హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు పదో వంతు తగ్గి ఊరుకోదు. దాదాపు మూడో వంతు తగ్గిపోతుంది. లైటు పసుపుగా, నీరసంగా పడుతుంది. అక్కడి నుంచి మొదలవుతుంది అసలు కథ. లైటు తగ్గిందని మనవాడు షాపుకెళ్తాడు. షాపువాడు, కంపెనీ బల్బు 60/55 వాట్లే కదా అన్నా, 100/90 వేయించు, రోడ్డు పగలులా ఉంటుందంటాడు. వేయిస్తాడు. వారం రోజులు బ్రహ్మాండం. లెక్క చూడు. 60 వాట్లవి రెండు బల్బులు కలిపి పది ఆంపియర్లు తీసుకుంటాయి. 100 వాట్లవి రెండు పెడితే పదహారు దాటుతుంది. కరెంటు ఒకటిన్నర రెట్లు చిల్లర అయితే, రేకు దగ్గర పుట్టే వేడి రెండున్నర రెట్లు దాటుతుంది. వేడికి రేకు నల్లబడుతుంది, నల్లబడితే ఇంకా అడ్డుపడుతుంది, అడ్డుపడితే ఇంకా వేడి. స్ప్రింగు మెత్తబడుతుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్కు కరుగుతుంది. ఓ రోజు గతుకులో చక్రం పడగానే లైటు టప్పున ఆరిపోతుంది.

వెలుగు తగ్గిందని బల్బు పెంచారు, పెంచిన బల్బు స్విచ్‌ని మింగింది. మొదట వెలుగు తగ్గింది తుప్పు వల్లో, వదులైన కప్లర్ వల్లో. దాన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నువ్వు కొత్త స్విచ్ కొని అదే బల్బుల మీద తగిలిస్తావు. దాన్నీ మింగుతుంది. అందుకే మళ్లీ మళ్లీ చెబుతున్నా, స్విచ్ కొనడానికి ముందు బల్బు విప్పి వాట్లు చదువు. సెకండ్ హ్యాండ్ బండి అయితే మరీను. పాత యజమాని ఏం పెట్టాడో నీకేం తెలుసు? బంపరు మీద ఫాగ్ ల్యాంపులు తగిలించి వాటి వైరు హెడ్‌లైటు వైరుకే చుట్టి టేపు వేశాడేమో, అదీ వెతుకు.

ఎల్‌ఈడీ వేసుకుంటే కరెంటు తక్కువ కదా పెదనాన్నా అంటావు. తక్కువే. కానీ తీగ బల్బు కోసం చేసిన అద్దంలో ఎల్‌ఈడీ పెడితే వెలుగు పడాల్సిన చోట పడదు, ఎదుటివాడి కళ్లల్లో పడుతుంది. ఆ ఎదుటివాడి పక్కన కూడా ఒక పెళ్లాం, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు ఉంటారు. మన కంటికి వెలుగు కోసం వాళ్ల కళ్లు పోగొట్టే హక్కు మనకి లేదు. నిజంగా వెలుగు చాలకపోతే, బల్బు కంపెనీదే ఉంచి, రిలేలున్న వైరింగ్ వేయించు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా లైటుకి కరెంటు వస్తుంది, స్విచ్ మీద పడేది రిలే కాయిల్‌కి కావలసిన కరెంటే, అది పావు ఆంపియరు కూడా ఉండదు. స్విచ్ చల్లగా ఉంటుంది, లైటూ తెల్లగా ఉంటుంది.

సరే, అన్నీ చూశావు. డిప్పర్ మెరుస్తోంది, కాడ తిప్పితే లైటు రావడం లేదు. కాడని పైకీ కిందికీ కదిపితే మిణుకుమిణుకుమంటోంది. స్టీరింగ్ కింద కవరు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది, మాడు వాసన వస్తోంది. వోల్టు, వోల్టున్నర అక్కడే పడిపోతోంది. ఇప్పుడు ఒప్పుకుంటాను, స్విచ్చే పోయింది. ఇప్పుడు కొను. కానీ ఇంకో సంగతి. కొత్తది చేతికొచ్చి, బిగించేదాకా చీకటి పడ్డాక బండి తియ్యకు.

ఇక్కడే మీరు మాట వినరు. ఒక కుర్రాడు ఏం చేశాడో చెబుతాను. డిప్పర్ లాగితే లైటు వస్తోంది కదా అని, కాడని వెనక్కి లాగి రబ్బరు బ్యాండుతో స్టీరింగ్ కాలమ్‌కి కట్టేశాడు. పెళ్లికి వెళ్లాలి, ముహూర్తం రాత్రి రెండు గంటలకి. మన పెళ్లిళ్లు తెలుసుగా. ఆ తెలివికి స్నేహితులు చప్పట్లు కొట్టారు కూడా. ఆ డిప్పర్ రేకులు ఓ క్షణం మెరవడానికి చేసినవి, గంటల తరబడి మోయడానికి కాదు. పైగా అది హైబీము, దించే దారి లేదు. ఎదురొచ్చిన ప్రతి లారీవాడూ తిట్టుకుంటూ వాడి కళ్లలోకి తిరిగి కొట్టాడు. ఊరి చివర వాసన వచ్చి ఆపితే కవరు సందులోంచి సన్నగా పొగ. అదృష్టం బాగుండి ఆపాడు.

ఎనభై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకి ఇరవై రెండు మీటర్లు పోతుంది. లైటు ఆరి, నువ్వు కంగారుపడి కాడ కదిపి మళ్లీ వెలిగించేసరికి రెండు సెకన్లు. అంటే నలభై నాలుగు మీటర్లు గుడ్డిగా పోయావన్నమాట. మన రోడ్ల మీద ఆ నలభై నాలుగు మీటర్లలో ఏమేం ఉంటాయో నీకు వేరే చెప్పాలా? కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, మీద పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టి ఇంటికెళ్లిపోతారు. వెనక లైటులేని చెరకు ట్రాక్టరు ఉంటుంది. నల్లటి రోడ్డు మీద నల్లటి గేదె పడుకుని నెమరువేస్తుంటుంది, దానికి ఇండికేటరు ఉండదు. సూర్యుడు అస్తమించిన అరగంట తర్వాత లైట్లు లేకుండా బండి నడపకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. చలానా సంగతి వదిలెయ్. మీ అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టి గుమ్మంలో కూర్చుని ఉంటుంది చూడు, ఆవిడకి నువ్వేం సమాధానం చెబుతావు? ఆ రాత్రికి ఎవరింట్లోనైనా పడుకో. లేదా బస్సెక్కు. పెళ్లి వీడియో తర్వాత చూడొచ్చు.

బిగించడం దగ్గరికొద్దాం. పాత స్విచ్ మీద పార్ట్ నంబరు ఉంటుంది, అది చూసి కొను. అచ్చం ఇలాగే ఉంది సార్ అని షాపువాడు అంటే తలూపకు. ఫాగ్ ల్యాంపు ఉన్న మోడల్‌కీ లేని మోడల్‌కీ కాడ ఒకేలా ఉంటుంది, లోపల పిన్నులు వేరుగా ఉంటాయి. పిన్నులు లెక్కపెట్టు, వాటి వరస చూడు. డూప్లికేటు సరుకు చవకే. రేకు పలచన, స్ప్రింగు మెత్తన, ఏడాది తిరక్కుండా మళ్లీ నువ్వూ నేనూ ఇదే గుమ్మంలో ఇదే మాట మాట్లాడుకోవాలి.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదియ్యి. ముందు నెగటివే, మళ్లీ తగిలించేటప్పుడు చివర నెగటివే. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే (2019 జూలై నుంచి తయారైన కార్లన్నిటికీ డ్రైవర్ వైపు అది తప్పనిసరి) నెగటివ్ తీశాక వెంటనే మీద పడకు. మాన్యువల్‌లో ఎన్ని నిమిషాలు ఆగమన్నాడో అన్ని నిమిషాలూ ఆగు. వెళ్లి టీ తాగి రా. ఎయిర్‌బ్యాగ్ దగ్గర కరెంటు కాసేపు నిలవ ఉంటుంది. పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే అవి దాని తాలూకువే, వాటికి మీటరూ ఆనించకు, టెస్ట్ ల్యాంపూ ఆనించకు.

చాలా బండ్లలో స్టీరింగ్ చక్రం తియ్యనక్కర్లేదు. కాలమ్ కింద కవరుకి రెండు మూడు స్క్రూలుంటాయి, అవి తీస్తే కవరు రెండు ముక్కలుగా విడిపోతుంది. చక్రాన్ని కాస్త అటూ ఇటూ తిప్పుకుంటే స్క్రూలు అందుతాయి. స్విచ్ రెండు స్క్రూల మీదో, రెండు గుంటల మీదో పక్కకి జారుతుంది. రాకపోతే లాగకు. ఎక్కడో ఇంకో స్క్రూ ఉంది, చూడు. ప్లాస్టిక్కు విరిగిన చప్పుడు వినిపించాక చేసేదేమీ ఉండదు. నీ బండికి చక్రం తీస్తేగానీ స్విచ్ రాకపోతే, ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంటే, ఆ పని ఇంటి ముందు చెయ్యకు. చక్రం కింద చుట్టుకుని ఉండే రిబ్బను లాంటి తీగ ఒకటుంటుంది, దాన్ని తిరగేసి బిగిస్తే మొదటి మలుపులోనే తెగుతుంది. అది తెలిసినవాడి పని. డబ్బులిచ్చి చేయించుకో, పక్కన నిలబడి చూడు.

కప్లర్ ఊడదీశాక కొత్త స్విచ్ దూర్చేసే తొందరలో పడకు. కప్లర్‌ని వెలుగులోకి తిప్పి చూడు. మిగతా పిన్నుల చుట్టూ ప్లాస్టిక్కు తెల్లగానే ఉంటుంది, ఒక్క పిన్ను చుట్టూ మాత్రం కాఫీ రంగుకి మారి, నోరు కాస్త సాగి ఉంటుంది. ఆ పిన్ను ఇత్తడి మెరుపు పోయి ఊదా రంగుకి తిరిగి ఉంటుంది. వైరు తొడుగుని కాస్త వంచి చూస్తే కర్రలా బిరుసెక్కి ఉంటుంది. అదిగో, వేడి ఎక్కడ పుట్టిందో అదే చెబుతోంది నీకు. ఆ కప్లర్ అలాగే ఉంచి కొత్త స్విచ్ తగిలిస్తే వదులు పిన్ను కొత్త పిన్నునీ కాల్చేస్తుంది. వైరు ముక్కతో సహా కొత్త కప్లర్ దొరుకుతుంది, వేయించు. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, క్రింపు చేయించు, లేదా సోల్డరు పెట్టించి పైన ష్రింక్ గొట్టం తొడిగించు. ఇంత చేసేసరికి ఆదివారం మధ్యాహ్నం అవుతుంది, కానివ్వు.

కవరు మూసేముందే నెగటివ్ తగిలించి అన్నీ చూసుకో. పార్కింగ్, డిమ్ము, హైబీము, డిప్పరు, రెండు ఇండికేటర్లు. స్టీరింగ్ తిప్పి వెనక్కి తెస్తే ఇండికేటరు దానంతటదే ఆగుతోందా? హారన్ మోగుతోందా? ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి ఆరిందా, వెలిగే ఉందా? వెలిగే ఉంటే బండి కదపకు. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు వేసి పావుగంట వదిలెయ్. వెళ్లి కవరు కింద వేలు పెట్టి చూడు. చల్లగా ఉండాలి, మహా అయితే గోరువెచ్చగా. మీటరు మళ్లీ స్విచ్‌లోకి వచ్చే, బయటికెళ్లే ఆ రెండు వైర్ల మధ్య పెట్టి చూసి, ఎంతొచ్చిందో సర్వీసు పుస్తకం వెనక పేజీలో తేదీతో రాసుకో. ఆర్నెల్ల తర్వాత పోల్చి చూసుకోవడానికి నీకే పనికొస్తుంది. గడియారం టైమూ, పాటల పెట్టె స్టేషన్లూ పోయుంటాయి, వాటికి విసుక్కోకు.

చెల్లెల్ని కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకో ఈ పనికి. ఆ పిల్ల రోజూ హైవే మీద కాలేజీకి అదే బండి నడుపుతోంది. లైటు ఆరితే ముందు ఏం చెయ్యాలో, హజార్డ్ లైట్లు వేసి ఎడమకి ఎలా జరగాలో దానికీ తెలియాలి. ఫ్యూజులు ఎక్కడున్నాయో చూపించు. డ్యాష్‌బోర్డు సొరుగులో ఓ టార్చి, రంగుకి రెండేసి ఫ్యూజులు, ఓ బల్బు పెట్టించు.

ఇంక పాత స్విచ్. చెత్తలో వెయ్యకు, షాపువాడికి ఇవ్వకు. ఓ కవర్లో చుట్టి, పండక్కి వచ్చేటప్పుడు పట్టుకురా. సన్నటి స్క్రూడ్రైవరుతో నేనే విప్పుతాను. గ్రీజు ఎంత నల్లబడిందో, ఏ రేకు మాడిందో, డిమ్ముదో హైబీముదో, ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆ బల్బులు కూడా తే, వాటి మీద ఎన్ని వాట్లని రాసుందో నువ్వు ఇంకా నాకు చెప్పలేదు.